కోయకుండా కాల్చిన గుమ్మడికాయ

చెంచాను పక్కకు వంచితే ముద్ద మొత్తం ఒక్కసారిగా జారి పడాలి. చెంచాకు అతుక్కుపోకూడదు, నీళ్ళలా కారిపోకూడదు. పళ్ళెంలో పడ్డాక తన ఆకారం తాను నిలుపుకోవాలి. చుట్టూ నీటి ఊట కనిపించకూడదు. ఆస్పత్రిలో మింగడం నేర్పే అమ్మాయి నాకు చూపించిన పరీక్ష ఇది. మింగడం ఒకరు నేర్పాల్సిన పని అని అంతవరకూ నాకు తెలియదు.

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు, మాట, గొంతు అన్నీ ఒకే ఉదయం పట్టు తప్పాయి. కాలు కొంత వచ్చింది. మాట ఒకటి రెండు ముక్కలుగా వచ్చింది. గొంతు మాత్రం ఎప్పుడు సహకరిస్తుందో ఎప్పుడు మొరాయిస్తుందో తెలిసేది కాదు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి పాలు, జావ పోశారు. ఆయన ఎడమ చేత్తో ఆ గొట్టాన్ని లాగేసుకున్నాడు. మళ్ళీ వేశారు. మళ్ళీ లాగేశాడు. అప్పుడు ఆ చేతిని గుడ్డతో మంచం కడ్డీకి కట్టేశారు. కట్టక తప్పడం లేదని నర్సు నాకు నెమ్మదిగా చెప్పింది. ఆమె తప్పేమీ లేదు. కానీ ఆయన టైల్స్ మేస్త్రీ. హూడిలో, కుందలహళ్ళిలో లేచిన అపార్టుమెంట్లలో మోకాళ్ళ మీద కూర్చుని నేలలు పరిచిన మనిషి. పనిచేసే చెయ్యి ఎటూ పడిపోయింది, ఉన్న ఒక్క చేతినీ కట్టేస్తే పైకప్పు కేసి చూస్తూ పడుకున్నాడు. కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి లేదు.

ఇంటికి పంపేటప్పుడు గొట్టం తీశారు. డాక్టరు సూటిగానే చెప్పాడు. నోటితో తిని బరువు నిలుపుకుంటే సరే. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చేనాటికి బరువు ఇంకా తగ్గితే గొట్టం వేయాల్సిందే. ఆ మాట ఆయనకు అర్థమైంది. ఆటోలో కె.ఆర్.పురం చేరేదాకా నా మణికట్టు వదల్లేదు.

నేను లెక్కల మనిషిని. చదువు ఏడో తరగతితో ఆగింది. పెళ్ళయ్యాక ఆయన సిమెంటు బస్తా కాగితం మీద గది కొలతలు రాసుకొచ్చి నా ముందు పెట్టేవాడు. ఎన్ని టైల్స్ పడతాయి, గోడ అంచుకు ఎన్ని, ఏటవాలుగా పరిస్తే ఎన్ని ఎక్కువ, విరిగేవాటికి ఎంత కలుపుకోవాలి, ఇవన్నీ బియ్యం ఏరుతూ, పప్పు ఎనుపుతూ నాకు నేనే నేర్చుకున్నాను. “గది చదరంగా ఉండాదని ఎవురు చెప్పినా నమ్మద్దు, మూల నుంచి మూలకు కొలువు” అని ఆయన చెప్పిన ఒక్క మాట తప్ప నాకు వేరే గురువు లేడు. ఆ అలవాటే ఇప్పుడు పళ్ళెం దగ్గరికి వచ్చింది. తూకం వేసి పెట్టేదాన్ని, మిగిలినదాన్ని తూకం వేసి తీసేదాన్ని. లోపలికి ఎంత పోయిందో తెలిసేది. అది చాలదని కూడా తెలిసేది.

అన్నం రుబ్బి పెడితే జిగురెక్కి అంగిలికి పట్టుకునేది. రాగి జావ పల్చనైతే దగ్గు, చిక్కనైతే మొహం తిప్పుకునేవాడు. తనంతట తాను అడిగింది ఒక్కటే. “గు... గుమ్మడి.” మా అత్త చేసే గుమ్మడికాయ పులుసు, వేడి సంగటి ఆయనకు ఎప్పుడూ ఇష్టం. పులుసు ఎలాగూ కుదరదు. బండి మీద కోసి అమ్మే ముక్క తెచ్చి, కుక్కర్లో ఉడికించి, మెదిపి పెట్టాను. చెంచాలో ముద్దగా ఉన్నది గొంతు దగ్గరికి పోయేసరికి నీరు వేరు, గుజ్జు వేరు అయ్యేది. నీరు ముందు పరిగెత్తేది. వెంటనే దగ్గు. ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి దిగితే జ్వరం వస్తుందని, ఈ స్థితిలో అది మామూలు జ్వరం కాదని మింగడం నేర్పే అమ్మాయి ముందే హెచ్చరించింది. గుజ్జును గుడ్డలో వేసి పిండి చూశాను. గట్టిపడింది, కానీ తీపంతా నీళ్ళతోనే పోయింది. ఆయన నాలుకతో బయటికి నెట్టేశాడు.

మా మేడ మీద గదిలో అద్దెకుండే అమ్మాయి వరంగల్ వైపు పిల్ల. కుందలహళ్ళిలో ఏదో కంప్యూటర్ ఆఫీసులో పని. సెలవు రోజుల్లో తన చిన్న కరెంటు ఓవెన్‌లో కేకులు చేసి స్నేహితులకు పంచుతుంది. నీళ్ళ మోటారు వేయడానికి కిందికి వచ్చి, నేను గుడ్డ పిండడం చూసింది.

“అయ్యో ఆంటీ, ఉడకబెట్టిన్రా? ఉడకబెడితే అది నీళ్ళు తాగుతది. నేను కేక్‌లకు ఎప్పుడు ఉడకబెట్ట. ఓవెన్ల కాలుస్త. నీళ్ళన్నీ ఎగిరిపోయి గుజ్జు మస్తు గట్టిగైతది.”

“కాలిస్తే తీపి పోదా?”

“ఇంకా ఎక్కువైతది. బండి మీది ముక్కలొద్దు, ఎప్పుడు కోసిన్రో ఏమో. తాజా కాయ తెచ్చి, సగానికి కోసి, గింజలు తీసి, బోర్లా పెట్టి కాల్చుడే.”

సగానికి కోసి అన్న మాట దగ్గర, చాటలో కందిపప్పు చెరుగుతున్న మా అత్త తలెత్తింది.

“ఎవురు కోసేది?”

మా ఇంట్లో నిండు గుమ్మడికాయను ఆడవాళ్ళు కోయరు. గుమ్మడికాయ ఇంటికి పెద్దకొడుకు లాంటిదంటారు. మొదటి కోత మగవాడు కోయాలి. ఆ తర్వాత ఆడవాళ్ళు ఎన్ని ముక్కలైనా చేసుకోవచ్చు. నేను ఈ మాటను నమ్మిందీ లేదు, కాదన్నదీ లేదు. ఆయన ఉన్నాడు కాబట్టి పరీక్షించాల్సిన అవసరం రాలేదు. గోనెసంచి పరిచి, దాని మీద కాయను కూర్చోబెట్టి, టైల్‌ను కోసే ముందు చూసినట్టు చుట్టూ ఒకసారి చూసేవాడు. గాడి వెంబడి కత్తి ఆనించి ఒక్క దెబ్బ. ఠప్పున రెండు చెక్కలయ్యేది. “ఇంత లెక్క తెలిసినదానివి, కాయ కోసేకి నేను కావాల్సొచ్చింది సూడు” అని ప్రతిసారీ అదే ఎగతాళి. ప్రతిసారీ నేను విసుక్కునేదాన్ని.

మా అత్త సందేహించలేదు. వీధి మలుపులో ఎళనీరు అమ్మే అతన్ని పిలుచుకొచ్చింది. అతను కొబ్బరిబోండాలు కొట్టే మచ్చుకత్తితో వచ్చాడు. తాజాగా తెచ్చిన నిండు కాయ హాల్లో ఉంది. కిటికీ పక్కన కుర్చీలో మా ఆయనా ఉన్నాడు.

“ఏనణ్ణా, చెన్నాగిద్దీరా?” అని బాగోగులు అడుగుతూ అతను చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు గట్టిగా పలకరించాడు. పక్షవాతం వచ్చాక అందరూ ఆయనతో అలాగే అరిచి మాట్లాడుతున్నారు. జవాబు కోసం ఆగకుండా కత్తి ఎత్తి ఒక్క వేటు వేశాడు. కాయ రెండైంది.

“ఇంతేనా అమ్మా? ఈసారి గూడా పిలవండి. మొగోల్లు ఇంట్లో లేకపోతే నేనుండాను గదా.” అతనికి అందులో తప్పేమీ కనిపించలేదు. ఆ క్షణంలో నాకూ కనిపించలేదు. నా ధ్యాసంతా గుజ్జు మీదే ఉంది.

మేడ మీది అమ్మాయి చెప్పినట్టే, తన ఓవెన్‌లోనే చేశాం. చెక్కలు బోర్లా పెట్టి కాల్చితే అంచులు ముదురు రంగుకు తిరిగి, కాల్చిన చిలగడదుంప వాసన ఇల్లంతా పట్టింది. చెంచాతో గీరితే గుజ్జు తొక్కను వదిలి వచ్చింది. జల్లెడ పట్టి, చెంచా వంచి చూశాను. ముద్ద మొత్తం ఒక్కసారిగా జారింది. పళ్ళెంలో నిలబడింది. చుట్టూ చుక్క నీరు లేదు. గుమ్మడి ఒక్కటే బలమివ్వదని అందులో మెత్తగా రుబ్బిన పెసరపప్పు, నెయ్యి కలిపాను. ఎన్నో రోజుల తర్వాత నా లెక్క ఒకటి సరిపోయినట్టనిపించింది.

ఆయన నోరు తెరవలేదు.

వేడి ఎక్కువైందేమోనని చల్లార్చి పెట్టాను. తెరవలేదు. రాత్రికి తెరవలేదు. మర్నాడు అంతవరకు తింటున్న జావకు కూడా పెదవులు బిగించాడు.

“ఉప్పు తక్కువైందేమో” అంది అత్త.

“లేదవ్వా, నేను తిని చూసిన, మంచిగుంది” అంది మేడ మీది అమ్మాయి. మిగిలిన గుజ్జుతో తను కేకు చేసి మాకూ రెండు ముక్కలు తెచ్చింది. ఎర్రగా, మెత్తగా ఉన్న ఆ ముక్కను ఆయన చూశాడు. పొడి పొడిగా రాలేది ఏదైనా ఆయన గొంతుకు ప్రమాదం. ఆ పిల్లకు అప్పుడు గుర్తొచ్చి పళ్ళెం వెనక్కి తీసుకుంది. “సారీ అంకుల్. మీరు మంచిగైనంక మీకే మొత్తం కేక్.” ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

బరువు చూశాను. తగ్గింది. చొక్కా భుజాల దగ్గర జారుతోంది. నాకు భయం కోపంగా మారింది. చెంచా పట్టుకుని ఆయన మొహం ముందు కూర్చున్నాను.

“నోరు తెరువప్పా. గొట్టం ఏస్తారు. మళ్ళా చెయ్యి కట్టేస్తారు. అదే కావాల్నా నీకు?”

తల ఊపాడు, వద్దని.

“మరి తినేకేమి? ఎంత కష్టపడి చేసినామో తెల్సా? ఆ పిల్ల సెలవు రోజు పెట్టుకోని చేసె. మీ అమ్మ ఎళనీరాయప్పను పిలుచుకోనొచ్చె...”

ఆ మాట దగ్గర ఆయన ఎడమ చేత్తో చెంచాను తోసేశాడు. గుజ్జు నా చీర మీద పడింది. నోరు ఒక పక్కకు లాగుతుంటే మాట కోసం వెతుక్కున్నాడు.

“నే... నేను...”

“ఏంది?”

“నేనుండాను... గదా.”

ఎళనీరు అతను అన్న మాటే. ఇంట్లో మగవాళ్ళు లేకపోతే అని అతను అన్నప్పుడు ఆయన ఆ కత్తికి నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడు.

చీర తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళాను. కోసిన ముక్కలు తెస్తే పోతుంది, లేదా నేనే కోసేస్తే పోతుంది అనుకోవచ్చు. కానీ ఇప్పుడు కావలసింది కోసిన కాయ కాదు, ఆయన కోసిన కాయ.

అత్తకు చెప్పాను. ఆమె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నా నోరు పడిపోను, నేనే పిలుచుకోనొస్తి గదమ్మే వాన్ని.” కాసేపటికి తనే ఒక దారి చెప్పింది. “వాని చెయ్యి మీద నీ చెయ్యి పెట్టి కోయించు. అక్షరాలు దిద్దించినట్టు.”

“బలం ఎవురిదో ఆయనకు తెలీదా అత్తా?”

ఆయన టైల్స్ కోస్తూ జీవితమంతా కటింగ్ మెషీన్ పట్టిన మనిషి. పట్టుకున్న వస్తువు ఎంత ఎదురు తిరుగుతోందో, ఎవరి ఒత్తిడికి లొంగుతోందో ఆ చేతికి తెలుస్తుంది. అలాగని ఒంటరిగా ఎడమ చేత్తో పచ్చికాయ మీదికి దించితే, ఆ తొక్కకు కత్తి జారుతుంది. చెయ్యి తెగడం ఒకటి. తల్లి ముందు కత్తి జారిపోవడం ఇంకొకటి. రెండోదాని తర్వాత ఆయన నోరు ఇక ఎవరూ తెరిపించలేరు.

పాత పని ఒకటి గుర్తొచ్చింది. ఒక ఇంట్లో ముందు నేల పరిచి తర్వాత గోడ టైల్స్ వేయడం వల్ల కింది వరస కుదరక ఆయన విప్పి మళ్ళీ చేశాడు. పని అదే, సామాను అదే, ముందు వెనకలు మారాయంతే. కాయను కోసి కాల్చుతున్నాం. కాల్చి కోస్తే?

మేడెక్కి అడిగాను.

“హోల్‌గనా?” అమ్మాయి ఆలోచించింది. “చెయ్యొచ్చు ఆంటీ. చేస్తరు. కానీ చుట్టు బొక్కలు పొడవాలె. లేకుంటే లోపల ఆవిరి పట్టి పగుల్తది. నా ఓవెన్ తలుపు అద్దం ఆంటీ, జర చూస్కోవాలె.”

“మెత్తబడుతుందా? వేలితో నొక్కితే దిగేంత?”

“చానా సేపు పడ్తది. కానీ దిగుతది.”

టేపు తీసుకుని ఓవెన్ లోపల పొడవు, లోతు, ఎత్తు కొలుచుకున్నాను. అదే టేపుతో కె.ఆర్.పురం సంతకు వెళ్ళి గుమ్మడికాయల కుప్ప ముందు కూర్చుని ఒక్కోదాన్ని కొలవడం మొదలుపెట్టాను. అమ్మే ఆమె కాసేపు చూసింది.

“ఏమక్కా, కాయకు చొక్కా కుట్టిస్తావా?”

“పెండ్లికొడుకేమోలే, కొలత తీసుకోనీ” అంది పక్కన టమోటాలామె.

“ఎత్తు ఎక్కువైతే దూరదమ్మా.”

“ఏడికి దూరాల?”

“పొయ్యిలోకి.”

“నిండు కాయనా! ఏమక్కా, మీ ఇంట్లో కత్తి లేదా?”

“కత్తి ఉండాది” అన్నాను. అంతకుమించి చెప్పలేదు.

సరిగ్గా కొలత చూసి తెచ్చిన కాయ ఓవెన్‌లో పట్టలేదు. లోపలి ఎత్తు అడుగు నుంచి పైకప్పుదాకా కొలిచాను. పైన ఎర్రగా కాలే కడ్డీ ఒకటి ఉంటుందని, కాయ దానికి తగిలితే మాడిపోతుందని లెక్కలో పెట్టుకోలేదు. అమ్మాయి నవ్వు ఆపుకుంది. నాకు నవ్వు రాలేదు. ఆ పూట ఆయన తిన్నది రెండు చెంచాల జావ. ఆ పెద్ద కాయను హాల్లో గోడ మూలన పెట్టి, మళ్ళీ సంతకు పోయి, అంతకంటే చిన్నది, అణిగినట్టుండేది తెచ్చాను.

ఓవెన్‌ను ఇద్దరం మోసుకుంటూ కిందికి తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాం. ఆయన కుర్చీలోంచి కనపడేలా. ఏం జరుగుతోందో ఆయనకు దాచి చేయడం నాకిష్టం లేదు. ఇక బొక్కలు పొడవాలి. అక్కడ మా అత్త ఆపింది.

“గుచ్చేది ఎవురు?”

“నేనే, దబ్బనంతో.”

“నిండు కాయకు ఆడది ఇనుము తగిలించకూడదు.”

“సూదితోని పొడుస్తే కోసినట్టా అవ్వా?” అంది అమ్మాయి. “అట్లయితే హాస్పిటల్ల నర్సులు రోజు మనుషులను కోస్తున్నట్టే గద?”

“నువ్వుండమ్మే. తీపిలో గుడ్డు పగలగొట్టి ఏసేదానివి, నీకేం తెలుస్తాది ఇయన్నీ.”

అత్త కాయ చుట్టూ తిరిగింది. తొడిమ పట్టుకుని కదిపి చూసింది. తర్వాత పసుపు డబ్బా తెచ్చి కాయకు ఒక బొట్టు పెట్టింది.

“దీన్ని పెద్దకొడుకు అంటాం గదా. కొడుకైతే చెవులు కుట్టీమా? కుట్టు. చెవులు కుట్టినట్టు గుచ్చు. చీల్చబాక.”

పచ్చి తొక్కలో దబ్బనం దిగలేదు. టైల్స్ తట్టే రబ్బరు సుత్తి ఆయన సంచీలోంచి తీసుకొచ్చి దబ్బనం తల మీద కొట్టాను. రెండో దెబ్బకు కుర్చీలోంచి మాట వినపడింది.

“మె... మెల్లిగా.”

వెనక్కి తిరిగి చూశాను. ఆయన నా చేతిలోని సుత్తినే చూస్తున్నాడు. పిడి చివరన పట్టుకోవాలని ఎడమ చేత్తో చూపించాడు. అలాగే పట్టుకున్నాను. దబ్బనం దిగింది.

కాయ లోపలికి పోయాక నాకు అసలు భయం మొదలైంది. సగం చెక్కకు ఎంత సేపు పట్టిందో తెలుసు. కానీ చెక్కకు వేడి రెండు వైపుల నుంచీ తగులుతుంది, నిండు కాయకు బయటినుంచే. ఎంత కలుపుకోవాలో నాకు ఏ లెక్కా అందలేదు. ఉడికిందో లేదో కత్తి దింపి చూడటానికి లేదు, చూస్తే అదే మొదటి కోత అవుతుంది. సగం ఉడికిన కాయ ముందు ఆయన్ను కూర్చోబెడితే కత్తి మధ్యలో ఇరుక్కుంటుంది. అందుకని చెవి బొక్కల్లోనే దబ్బనం దూర్చి చూడాలనుకున్నాను. మొదటిసారి చూసినప్పుడు పైన మెత్తన, లోపల గట్టి. తలుపు మూసి ఇటు తిరిగేలోపే కరెంటు పోయింది.

“సరిపాయ” అంది అత్త.

అమ్మాయి తలుపు తీయొద్దంది. వేడి లోపలే ఉండాలట. ముగ్గురం ఆ చీకటి అద్దం ముందు కూర్చున్నాం. కరెంటు ఎంతసేపు పోతే ఎంత వేడి తగ్గుతుంది, తిరిగి వచ్చాక ఎంత సేపు కాల్చాలి అని వేళ్ళు మడుస్తూ కూర్చున్నాను. ఆయనకు భోజనం పెట్టాల్సిన వేళ దాటిపోతోంది. జావ కలిపి పెట్టనా అంటే తల అడ్డంగా ఊపాడు.

కరెంటు వచ్చింది. కాయ తొక్క క్రమంగా నల్లబడింది, నిగారింపు పోయి ముడతలు పడింది, ఒక పక్కకు కుంగింది. చెవి బొక్కల్లోంచి చిక్కటి రసం కారి, పళ్ళెం మీద పాకంలా బుడగలు కట్టింది. దబ్బనం ఈసారి ఏమీ తగలనట్టు దూరిపోయింది.

పైపైన చల్లారాక గోనెసంచి పరిచిన బల్ల మీద పెట్టాం. బల్లను ఆయన ముందుకు జరిపాం. అత్త కత్తి కడిగి తెచ్చి కొడుకు ఎడమ చేతికిచ్చింది. “కోయి నాయనా.”

ఆయన వెంటనే కోయలేదు. కత్తి పక్కన పెట్టి, ఎడమ చేత్తో తన కుడి చేతిని ఎత్తి కాయ మీద ఆనించుకున్నాడు, ఇదివరకు ఎడమ చెయ్యి కాయను కదలకుండా పట్టుకున్నట్టు. తర్వాత కత్తి తీసుకుని చుట్టూ చూసి ఒక గాడి వెతుక్కున్నాడు. భుజం బిగించి, ఊపిరి బిగబట్టి నొక్కాడు.

కత్తి చప్పుడు లేకుండా దిగిపోయింది.

బిగించిన భుజం అలాగే ఉండిపోయింది. కాల్చడం కళ్ళారా చూసినా, అంత బలం అవసరం లేదని చెయ్యికి అప్పుడే తెలిసింది. కత్తి సగంలో ఆపి నా వైపు చూశాడు.

“ఉడి... కించినావు.”

“కాల్చినానప్పా.”

“ముందే.”

“ఊఁ. ముందే.” రుచి కోసమేనని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. చెప్పినా ఆ చెయ్యి నమ్మదు.

“ఎట్లయితే ఏమిరా, కోసింది నువ్వే గదా!” అంది అత్త, గొంతు పెంచి. మేడ మీది అమ్మాయి చప్పట్లు కొట్టబోయి మా మొహాలు చూసి ఆగిపోయింది.

ఆయన కత్తి వదిలేస్తాడనుకున్నాను. కోపం వస్తుందనుకున్నాను. కోపం లేదు. సిమెంటు బస్తా కాగితం మీద నేను వేసిన లెక్కను ఒప్పుకునే ముందు చూసే చూపు అది. ఎక్కడ ఎంత కలిపానో వెతికే చూపు. తర్వాత కత్తిని కిందిదాకా, గోనెసంచి తగిలేదాకా లాగాడు. చెక్కలు రెండూ వాటంతటవే విడిపోయి పక్కలకు వాలాయి. ఆవిరి లేచింది. గింజలు తేనె రంగులో మెరిశాయి.

గుజ్జు తీసి, జల్లెడ పట్టి, పప్పు, నెయ్యి కలిపి, చెంచా వంచి చూసి, ఆయన గడ్డం కిందికి వంచి కూర్చోబెట్టి మొదటి చెంచా పెదవులకు ఆనించాను. తెరిచాడు. గొంతు ముడి పైకి లేచి ఒక్క క్షణం ఆగింది. కిందికి దిగింది. నేను నా గుక్క కూడా మింగాను. రెండో చెంచా. మూడో చెంచా. ఒకసారి దగ్గొచ్చింది. అందరం కదలకుండా ఉండిపోయాం. తడి దగ్గు కాదు, పొడి దగ్గే. కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెట్టాం. గిన్నెలో సగం కంటే ఎక్కువ పోయింది. గడిచిన రెండు రోజుల్లో తిన్నదంతా కలిపినా అంత లేదు. అయినా పోయిన బరువుకు అది చాలదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

చెంచా మళ్ళీ నింపి దగ్గరికి తెస్తే పెదవులు మూశాడు. కడుపు నిండిందేమో అనుకున్నాను. కాదు. ఎడమ చెయ్యి ఎత్తి గోడ మూల చూపించాడు. ఓవెన్‌లో పట్టని పెద్ద కాయ అక్కడుంది.

“అది.”

“అది పొయ్యిలో పట్టదప్పా. ఎత్తెక్కువ.”

“ప... పచ్చిది.” చేతిని కత్తిలా నిలబెట్టి గాలిలో కిందికి దించాడు. “నేను.”

“రేప్పొద్దున చూద్దాంలే” అంది అత్త, చిన్నపిల్లవాణ్ణి బుజ్జగించినట్టు.

ఆయన ఆమె వైపు చూడలేదు. నా వైపే చూస్తున్నాడు. పెదవులు మూసే ఉన్నాయి.

ఆ కాయ తొక్క ఎంత గట్టిదో నాకు తెలుసు. సంతలో తట్టి చూసే తెచ్చాను. ఆ చెయ్యికి ఆ బలం ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో నాకు తెలియదు. ఆస్పత్రికి వెళ్ళాల్సిన రోజు, ఇది రాస్తున్నప్పటికి కూడా, ఇంకా ముందే ఉంది. ఒప్పుకుంటే ఏదో ఒక రోజు కత్తి జారడం చూడాల్సి వస్తుంది. వద్దంటే ఆ నోరు ఇప్పుడే మూసుకుంటుంది. రెండింట్లో ఏది తక్కువ నష్టమో తేల్చుకోవడానికి ఎప్పటిలా మూల నుంచి మూలకు కొలవాలని చూశాను. కొలత అందలేదు. చెంచా పట్టుకున్న నా చెయ్యి నొప్పి పుట్టింది.

“సరే” అన్నాను. “పచ్చిదే. నువ్వే కోద్దువు.”

నోరు తెరిచాడు. మూలనున్న కాయ వైపు చూడకుండా ఆ చెంచా లోపల పెట్టి, గొంతు ముడి కదిలేదాకా కాచుకుని కూర్చున్నాను.